ఎర్ర తాళంచెవి ఎవరి చేతికి అందాలి?

1966 జూన్ 12. బెల్జియంలోని స్పా ట్రాక్ మీద గ్రాండ్ ప్రి మొదటి ల్యాప్‌లోనే వాన అందుకుంది. మస్తా మలుపు దగ్గర జాకీ స్టీవర్ట్ నడుపుతున్న బీఆర్‌ఎం కారు గంటకు సుమారు 265 కిలోమీటర్ల వేగంలో పట్టు తప్పింది. టెలిఫోన్ స్తంభాన్ని గుద్ది, ఓ రైతు కొట్టం దాకా పోయి ఆగింది. స్టీరింగ్ కింద కాలు ఇరుక్కుంది. ట్యాంకులు పగిలి పెట్రోలంతా కాక్‌పిట్‌లోకి కారుతోంది. ఆదుకునే సిబ్బంది లేరు, పనిముట్లు లేవు. అక్కడికి దగ్గర్లోనే ట్రాక్ తప్పిన గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ పరుగెత్తుకొచ్చి, ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి, స్టీరింగ్ ఊడదీసి ఆయన్ను బయటికి లాగారు.

పెట్రోల్లో నానిపోయిన మనిషి చుట్టూ కరెంటు తీగలు. ఒక్క నిప్పురవ్వ పుట్టి ఉంటే కథ అక్కడే ముగిసేది. మరుసటి ఏడాది మొనాకో రేసులో డ్రైవర్ లోరెంజో బండినికి ఆ అదృష్టం దక్కలేదు. మంటల్లో చిక్కుకుని మూడు రోజులకు కన్నుమూశారు. స్టీవర్ట్ మాత్రం బతికి బయటపడి, భద్రత కోసం పట్టుబట్టి పోరాడారు. చేత్తో ఊడివచ్చే స్టీరింగ్, కారులోని కరెంటు మొత్తాన్ని ఒక్క దెబ్బతో ఆపే మెయిన్ స్విచ్ రేస్ కార్లలో మామూలైపోయింది ఆ ప్రమాదం తర్వాతే.

అంతకుముందు తరాల రేస్ కార్లలో చాలావాటికి బ్యాటరీ అవసరమే ఉండేది కాదు. మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకునేది. దాని తీగను బాడీకి తాకించి ఎర్త్ చేస్తే ఇంజను ఆగేది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వచ్చాక చిక్కు పెరిగింది. బ్యాటరీ తీగ తెంపినంత మాత్రాన నడుస్తున్న ఇంజను ఆగదు. ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కు కరెంటు అందిస్తూనే ఉంటుంది. పైగా లోడు ఒక్కసారిగా పోవడంతో వోల్టేజి ఎగబాకి దాని డయోడ్లు కాలిపోవచ్చు.

అందుకే రేస్ కార్ల స్విచ్ వెనక ఆరు కొనలుంటాయి. లావుపాటి రెండూ బ్యాటరీకి. సన్నవాటిలో ఒక జత ఇగ్నిషన్‌ను తెంపుతుంది. ఇంకో జత 3 ఓముల రెసిస్టర్ గుండా ఆల్టర్నేటర్ కరెంటును ఎర్త్‌కు పంపేస్తుంది. ముందువైపు కనిపించేది మాత్రం ఒక ఎర్ర తాళంచెవి.

అసలు తగవు దాన్ని ఎక్కడ బిగించాలన్నదే. బెల్టులు బిగించుకుని కూర్చున్న డ్రైవర్ చేతికి అందాలి, సరే. కానీ స్పృహ తప్పిన డ్రైవర్ ఏ స్విచ్చూ తిప్పలేడు. కాబట్టి బయట నిలబడ్డ మార్షల్‌దే, అంటే ట్రాక్ సిబ్బందిదే, చివరి మాట. అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ ర్యాలీ కార్ల వంటి మూసిన కార్లకు పెట్టిన నియమం ప్రకారం బయటి మీట ముందు అద్దం మొదట్లో ఉండాలి. దాని పక్కన తెల్లటి అంచున్న నీలి త్రిభుజం, అందులో ఎర్రటి మెరుపు గుర్తు. అడుగుభాగం కనీసం 12 సెంటీమీటర్లు. పొగలో వెతుక్కునే మనిషికి ఆ మాత్రం సైజు ఉండాల్సిందే. ఫార్ములా వన్‌లోనైతే మంటకు దూరంగా నిలబడి కొక్కెంతో లాగేందుకు వీలైన పిడి పెట్టమన్నారు.

అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దీనికి పూర్తిగా ఎదురు చెబుతుంది. బ్యాటరీని మొదట ఉన్నచోటి నుంచి మార్చిన కార్లలో స్విచ్ కారు వెనక చివరన ఉండాలి. తోసి, లాగే రకమైతే తోస్తేనే ఆగాలి. తాళంచెవి రకాలు పనికిరావు. దీని వెనకా లెక్క ఉంది. డ్రాగ్ రేసర్లు వెనక చక్రాల మీద బరువు పడేందుకు బ్యాటరీని డిక్కీలోకి మార్చేస్తారు. బ్యాటరీకీ స్విచ్చుకీ మధ్య తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఏ స్విచ్చూ ఆపలేదు. బ్యాటరీ డిక్కీలో, స్విచ్ డాష్‌బోర్డులో అయితే కారు పొడవునా ఆ తీగ పాములా పొంచి ఉన్నట్టే. రేకు నలిగి తీగ తొక్క చీరితే చాలు. స్విచ్‌ను బ్యాటరీ పక్కనే పెట్టి, మీటను పొడవాటి కేబుల్‌తో అద్దం దాకా తెచ్చుకోవడం రెండు నియమాల మధ్యా తెలివైన రాజీ.

హైబ్రిడ్, కరెంటు కార్లొచ్చాక భయం ఇంకోవైపు తిరిగింది. 2008 జూలైలో స్పెయిన్‌లోని హెరెజ్‌లో పరీక్షకు దిగిన హైబ్రిడ్ ఫార్ములా వన్ కారును ముట్టుకోగానే బీఎండబ్ల్యూ జట్టు మెకానిక్‌కు షాక్ కొట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు మార్షళ్లు మొదట చూడాల్సింది కారు మీది దీపాన్నే. పచ్చగా వెలిగితే చెయ్యి వేయొచ్చు, ఎర్రగా ఉంటే దూరంగా ఉండాలి.

కాలేజీ పోటీలకు సొంతంగా కారు కట్టే మన కుర్రాళ్లకు ఒక మాట. వైరింగ్ సరిచూసుకుని స్విచ్ బిగించాక, ఇంజను నడుస్తుండగా తిప్పి చూడండి. ఆగకపోతే ఆల్టర్నేటర్ ఇంకా కరెంటు ఇస్తున్నట్టే. తర్వాత కారు గురించి ఏమీ తెలియని మనిషిని బయట నిలబెట్టి, తలుపు తెరవకుండా ఆపమనండి. వెతుక్కున్నాడంటే చోటు మార్చండి.