ఎలుకల బోను నుంచి తరగతి గది దాకా

"నాకు లెక్కలు రావు సార్, నా బుర్ర ఇంతే" అన్న మాట పాఠం చెప్పే ప్రతివారూ విన్నదే. మెదడు ఒక స్థాయిలో బిగిసిపోయి ఉంటుందన్న నమ్మకం ఆ మాట వెనుక ఉంది. ఎదిగిన మెదడు నిర్మాణం మారదని ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు కూడా భావించేవారు. ఆ భావన ఎలా సడలిందో చూద్దాం.

కెనడాకు చెందిన డొనాల్డ్ హెబ్ కొన్ని ఎలుకలను ప్రయోగశాల నుంచి ఇంటికి తెచ్చి, తన పిల్లలకు పెంచుకోవడానికిచ్చాడు. ఇంట్లో స్వేచ్ఛగా తిరిగిన ఆ ఎలుకలు బోనులో పెరిగిన వాటికంటే చిక్కుదారి పరీక్షల్లో మెరుగ్గా నెగ్గాయని 1947లో ఆయన తెలియజేశాడు. కలిసి పనిచేసే నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని 1949లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు.

1960 దశకంలో అమెరికాలోని బర్క్‌లీలో రోజెన్‌జ్వీగ్, మేరియన్ డైమండ్ బృందం ఈ దారిలోనే ముందుకు వెళ్ళింది. తోటి ఎలుకలు, ఆటవస్తువులు ఉన్న పెద్ద బోనుల్లో పెరిగిన ఎలుకల మెదడు పైపొర, ఒంటరి ఎలుకల దానికంటే కొంచెం మందంగా కనిపించింది. అయితే ఒక్క మాట: పొలంలో తిరిగే ఎలుకకు ఆ పెద్ద బోను కూడా జైలే. కనుక ఈ ప్రయోగం పేరు చెప్పి ఖరీదైన బొమ్మలు అమ్మేవారిని నమ్మకండి.

ఇక తరగతి గది. మెదడు నేర్చుకుంటూ మారుతుందని బోధించిన పిల్లల్లో లెక్కల మార్కులు తగ్గిపోవడం ఆగిందని 2007లో న్యూయార్క్‌లో జరిగిన చిన్న అధ్యయనం చూపింది. 2019లో, 12,000 మందికి పైగా అమెరికన్ విద్యార్థులతో చేసిన పరిశీలనలో వెనుకబడిన పిల్లలకు లాభం కనిపించింది గానీ, అది నాలుగు పాయింట్ల కొలమానంలో 0.1 మాత్రమే. ఉత్తి ప్రోత్సాహపు మాటలు అంతవరకే తీసుకువెళ్తాయని నా అభిప్రాయం. తప్పును ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

ఒక విద్యార్థి (3+4)² అంటే 9+16, అంటే 25 అని రాశాడనుకోండి. దాన్ని చెరిపేసి, బోర్డు మీది జవాబు ఎక్కించుకుంటే ఆ పూట గడిచిపోతుంది. అలాకాక, అసలు జవాబు 49 కదా, మిగిలిన 24 ఎక్కడికి పోయింది అని అడగండి. 7 సెంటీమీటర్ల భుజంతో చతురస్రం గీయండి. పై భుజాన్నీ, పక్క భుజాన్నీ 3, 4గా విడదీసి అడ్డంగా, నిలువుగా గీతలు లాగండి. రెండు చిన్న చతురస్రాల పక్కన రెండు దీర్ఘచతురస్రాలు మిగులుతాయి. వాటి వైశాల్యం మీరే కట్టి చూడండి.