బందరు చదువు: కన్నును చెవియు

సంస్కృతమున విద్వాంసుని ‘బహుశ్రుతుడు’ అందురు. ఎక్కువగా చదివినవాడని కాదు, ఎక్కువగా విన్నవాడని ఆ మాటకు అర్థము. వేదమునకే ‘శ్రుతి’ యని పేరు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు మెట్లు చెప్పిన మన పెద్దలు శ్రవణమునే మొదటి మెట్టుగా నుంచిరి. ఇట్టి దేశమున పుట్టిన మన పిల్లలు పదేండ్లు ఇంగ్లీషు చదివి, పరీక్షలలో నూటికి తొంబదేసి మార్కులు తెచ్చుకొని, ఆ భాషలో ఎవరైన ఐదు నిమిషములు మాటలాడినచో తెల్లబోయి చూచుచున్నారు. పుస్తకములో అర్థమైన వాక్యమే చెవిని బడినప్పుడు అర్థము కాకున్నది. ఇది పిల్లల తెలివిలోని లోపమా? బోధించువారి లోపమా? నేనును ఇరువదేండ్లుగా ఈ భాషను బోధించుచున్నవాడనే గనుక ఈ ప్రశ్నను పరులమీదికి నెట్టి ఊరకుండజాలను. దీని మూలము మన పరీక్షల చరిత్రలో నున్నదని నా యభిప్రాయము. ఆ చరిత్రను చెప్పుకొనుటకు మచిలీబందరుకంటె తగిన చోటు తెలుగునాట అరుదు.

1611లో ఇంగ్లీషు తూర్పిండియా కంపెనీవారు బందరులో వర్తకస్థానము నేర్పరచుకొనిరి. అప్పుడు ఇంగ్లీషు ఈ రేవులో పుస్తకరూపమున దిగలేదు, మాటరూపమున దిగినది. సరకు బేరమాడు వర్తకునికిని, దొరకును నడుమ నిలిచినవాడు దుబాసి. ద్విభాషియే దుబాసి యైనాడు. అతనికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, పట్టా లేదు. చెవితో విని, నోటితో అని, తప్పినప్పుడు నష్టపడి నేర్చుకొనెను. అతనికి రేవే పరీక్షాస్థలము. కలంకారీ గుడ్డల వెల తప్పుగా వినినచో ఆ తప్పు అప్పుడే తేలిపోవును. అయితే అతని విద్యకు ఎల్లయు గలదు. బేరమునకు చాలిన భాష ధర్మశాస్త్రమునకు, ప్రకృతిశాస్త్రమునకు చాలదు. చెవి చదువు ఒక్కటే చాలునని నేను వాదింపను. అది మనకు మొదట నుండినదనియు, పిదప పోయినదనియు మాత్రమే చెప్పుచున్నాను.

ఇక్కడ ఒక వింత గమనింపదగినది. మనవారు ఇంగ్లీషును బడిలో నేర్వకమునుపే ఇంగ్లీషువారు తెలుగును బడిలో నేర్చుకొనిరి. దొరతనపు కొలువునకు వచ్చిన యువకులకు దేశభాషలు నేర్పుటకై 1812లో మదరాసున సెయింటు జార్జి కోట కళాశాల యేర్పడెను. 1817లో మదరాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, కొన్ని యేండ్లకు బందరులోను ఉద్యోగము చేసెను. పరీక్షలో నెగ్గిన దొర మరునాడు కచేరీలో కూర్చుండి రైతు మొరను చెవితో వినవలసినవాడే. కావున ఆ విద్యలో చదువుటయు వినుటయు విడిపోవుటకు వీలు లేకుండెను. మనవారికి వచ్చిన విద్యలో అవి యెట్లు విడిపోయినవో చూతము.

1835లో మెకాలే తన నివేదికను వ్రాసెను. 1843 నవంబరులో రాబర్టు టర్లింగ్టన్ నోబిల్ అను క్రైస్తవ మిషనరీ బందరులో ఇంగ్లీషు పాఠశాలను ఇద్దరు పిల్లలతో నెలకొల్పెను. పిదప నోబిల్ కళాశాలయై ఎందరో ఆంధ్రప్రముఖులకు చదువు చెప్పిన సంస్థకు ఇదే మొదలు. 1852లో విద్యార్థులిద్దరు క్రైస్తవమతమును స్వీకరింపగా తలిదండ్రులు బెదరి పిల్లలను మానిపించిరి. అయినను కొంతకాలమునకు బడి మరల నిండెను. మతభయముకంటె కొలువుమీది ఆశ బలమైనది. ఆ బడి తలుపులు మొదట అగ్రవర్ణముల పిల్లలకే తెరువబడినవని చెప్పకతప్పదు. పేటలలోని పిల్లలును, ఇంటిలోని ఆడపిల్లలును ఆ గడపకు వెలుపలనే యుండిరి. లోపలనున్న కొలదిమందికి ఒక మేలు మాత్రము జరిగెను. పాఠము చెప్పువాడు ఇంగ్లీషువాడే గనుక ఆ భాష ప్రతిదినమును వారి చెవిని బడెను. 1865లో చనిపోవువరకు నోబిల్ బందరులోనే యుండెను.

1854లో ఉడ్డు దొర విద్యావిషయక లేఖయు, 1857లో మదరాసు విశ్వవిద్యాలయమును వచ్చినవి. దానితో ప్రవేశపరీక్షయగు మెట్రిక్యులేషను వచ్చెను. ఈ పరీక్షకు ప్రాణము కాగితము. పాఠ్యగద్యము, పద్యము, వ్యాకరణము, అనువాదము అను వీనిని కాగితముపై అడుగుట, కాగితముపై చెప్పుట. ఈ పద్ధతిని పూర్తిగా నిందించుట న్యాయము కాదు. ఒకే ప్రశ్నాపత్రమును ముద్రించి ఊరూరికి పంపవచ్చును. దిద్దువాడు అభ్యర్థి కులమును చూడడు, పేరును చూడడు, సంఖ్యను మాత్రమే చూచును. సిఫారసుమీద కొలువులు నడచిన దేశమున ఇది చిన్న సంస్కారము కాదు. కాని కాగితమును పంపినట్లు కంఠస్వరమును పంపుటకు ఆనాడు సాధనము లేదు. ఎడిసను ధ్వనిముద్రణయంత్రమును కనిపెట్టినది 1877లో. కావున వినికిడి పరీక్ష లేకపోవుటకు ఎవరి దురాలోచనయు కారణము కాదు, సాధనలోపమే కారణము.

అయితే పరీక్షకు ఒక గుణము కలదు. తాను అడిగినదానిని పెంచును, అడుగనిదానిని ఎండగట్టును. వినికిడిని పరీక్ష అడుగలేదు గనుక బడి నేర్పలేదు, బడి నేర్పలేదు గనుక ఇల్లు పట్టించుకొనలేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుని స్థానమున మనవారే వచ్చిరి. వారు తామును కంటితో నేర్చినవారే. నోట్సు, గైడు, కంఠస్థము అను మూడింటిమీద మన ఇంగ్లీషు చదువు నిలిచెను. చెవికి మిగిలినది డిక్టేషను ఒక్కటే. అదియు అక్షరదోషములు పట్టుటకే గాని అర్థము పట్టుటకు కాదు.

ఈ జబ్బును బందరే మొదట గుర్తించినవారిలో నున్నది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. మాతృభాషలో విద్య, చేతిపనులు, పరీక్షాదాస్యమునుండి విముక్తి అనునవి వారి యాశయములు. వారు ఇంగ్లీషునకు శత్రువులు కారు. పట్టాభిగారే కాంగ్రెసు చరిత్రను ఆ భాషలోనే వ్రాసిరి. కాని దేశము మొత్తముమీద కొలువులు విశ్వవిద్యాలయపు పట్టానే అడిగినవి గనుక కాగితపు పరీక్షయే గెలిచెను. 1950లో గుడివాడలో కళాశాల వెలసినప్పుడును, పిదప దివిసీమ గ్రామములకు ఉన్నతపాఠశాలలు వచ్చినప్పుడును విద్య పేదవారి ముంగిటికి వచ్చినమాట నిజమే. ఆ విద్య వెంట కంటి పరీక్షయు అట్లే వచ్చెను.

ఇతరదేశములలో ఏమి జరిగినది? 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు పరదేశీయులకై ఇంగ్లీషు ప్రావీణ్యపరీక్షను మొదలుపెట్టిరి. అందులో డిక్టేషను, బిగ్గరగా చదువుట, సంభాషణ చేర్చిరి. తొలియేడు ముగ్గురు కూర్చుండగా ఒక్కరును నెగ్గలేదు. 1964లో అమెరికాలో టోఫెల్ అను పరీక్ష మొదలైనప్పుడు వినికిడి దానిలో ఒక భాగమయ్యెను. వేయేండ్లకు మించి వ్రాతపరీక్షలతో అధికారులను ఎన్నుకొనిన చైనాదేశము 1905లో ఆ పరీక్షలను రద్దు చేసెను. నేడు అక్కడ ఉన్నతపాఠశాల ముగించిన పిల్లలు వ్రాయు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో, జాతీయ ప్రశ్నాపత్రమున ఇంగ్లీషునకు 150 మార్కులు. అందులో 30 వినికిడికి. వ్రాతపరీక్షకు పుట్టినిల్లైన దేశమే చెవికి అయిదవ వంతు ఇచ్చినదన్నమాట.

మనకును ఆ ప్రయత్నము జరుగకపోలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము టోఫెల్ నిర్వహించు అమెరికా సంస్థతో ఒప్పందము చేసికొని, ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి మొదలుకొని ఆ పరీక్షాపద్ధతిని ప్రవేశపెట్టెను. పెద్దపిల్లల కుద్దేశింపబడిన టోఫెల్ జూనియర్ పరీక్షలో మూడు భాగములు: వినికిడి, భాషారూపము, పఠనము.  2024లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ ఏర్పాటు విడువబడెను. తెలంగాణలో 2023–24నుండి ఇంటర్మీడియెట్ ఇంగ్లీషునకు 20 మార్కుల ప్రాక్టికల్సు ఏర్పడినవి. ఏ ప్రభుత్వము మంచిది, ఏది చెడ్డది అను వాదము నాకు అక్కరలేదు. వినికిడిని పరీక్షించుట అనగా దేనిని పరీక్షించుట అను ప్రశ్న ప్రభుత్వములతో పోవునది కాదు.

చదువువాడు అర్థముకాని పంక్తికి మరలిపోగలడు, వినువాడు పోలేడు. రేడియోలో తుపాను హెచ్చరిక వినిన దివిసీమ బెస్తవానికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. మాట గాలిలో పోవుచుండగనే పట్టుకొనవలెను. ఇందుకు తోడు తెలుగు అజంతభాష. మన మాటలు అచ్చుతో ముగియును. అందుకే బస్సు, రైలు, స్కూలు అని పరభాషాపదములకును అచ్చు తగిలించుకొంటిమి. ఇంగ్లీషు మాటలు చాలవరకు హల్లుతో ముగిసి, తరువాతి మాటతో అతుకుకొనును. మనము ప్రతి అక్షరమును సమానముగా పలుకుదుము. వారు ఒక భాగమును ఊనికతో పలికి, తక్కినవానిని మ్రింగివేయుదురు. ‘ఆఫ్’, ‘అండ్’ వంటి చిన్నమాటలు పుస్తకములో నిండుగా కనబడును గాని నోటిలో నీడలవలె పోవును. కావున ఎన్ని పుస్తకములు చదివినను చెవి దానంతట అది తెరువబడదు.

ఇంకొక చిక్కు కలదు. వినికిడి పరీక్షలో ప్రశ్నలును, సమాధానములును కాగితముపై ఇంగ్లీషులోనే యుండును. విని అర్థము చేసికొనిన పిల్లవాడు ప్రశ్నను చదువలేక తప్పవచ్చును. పెట్టె సరిగా మ్రోగకపోవచ్చును. పంకా చప్పుడులో ఒక మాట పోవచ్చును. ఎన్నడును వినని దేశపు ఉచ్చారణ వినబడవచ్చును. ఇన్నింటిని కలిపి ఒక అంకె వేసి ‘వినికిడి’ యని పేరుపెట్టుట సాహసము.

దివిసీమలో నేను పనిచేసిన యొక పాఠశాలలో జరిగినది చెప్పెదను. తొమ్మిదవ తరగతివారికి ఒక చిన్న కథనమును ఇంగ్లీషులో మామూలు వేగముతో చదివి, బస్సు ఎన్ని నిమిషములు ఆలస్యమైనదో వ్రాయుడంటిని. తరగతిలో మొదటిదైన అమ్మాయి యాబది అని వ్రాసెను. ఎప్పుడును వెనుకబల్లపై కూర్చుండు ఒక బెస్తవారి కుర్రవాడు పదునైదు అని వ్రాసెను. పదునైదే సరియైనది. నీకెట్లు తెలిసినదిరా అని యడిగితిని. “క్రికెట్టు కామెంట్రీలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ రోజూ వింటానండి, తేడా తెలీకపోతే స్కోరే తెలీదు కదండీ” అనెను. నాలుగు వందలేండ్లనాటి దుబాసి నా కన్నులయెదుట నిలిచినట్లయ్యెను. ఆ సాయంకాలము ఆ యమ్మాయి వచ్చి, “మాస్టారూ, ఆ మాట నేను పుస్తకంలో ఎన్నోసార్లు చదివిందే కదండీ, వినేటప్పుడు ఎక్కడికి పోయింది?” అని కన్నీళ్లు పెట్టుకొనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఐదేండ్లు ఆమెకు ఇంగ్లీషు చెప్పినవారిలో నేనును ఒకడను. ఆమె చెవికి మేమేమి యిచ్చితిమి? ఇయ్యనిదానిని అడుగుట పరీక్ష కాదు, అప్పు ఇయ్యకయే వసూలు చేయుట.

ఆ యేడు మిగిలిన దినములలో ప్రతిదినమును పది నిమిషములు పుస్తకములు మూయించి చదివి వినిపించితిని. మార్కులు లేవు. రెండుసార్లు వినవచ్చును, జవాబు తెలుగులో చెప్పవచ్చును. చెవిని మాత్రమే చూడగోరినప్పుడు చేతివ్రాతను, ఇంగ్లీషు వాక్యరచనను అడ్డుపెట్టుట యెందుకు? వేసవి వచ్చునాటికి ఆ యమ్మాయికి ఈ చిక్కు చాలవరకు తీరెను. కుర్రవానికి తన చెవిమీద గౌరవము పుట్టి పుస్తకముమీదను కొంత ఆశ కలిగెను. ఇది పెద్ద ప్రయోగమని చెప్పుకొనను. ఖర్చులేని పని యని మాత్రము చెప్పగలను.

కావున నా మనవి ఇది. మన పదవతరగతి పరీక్షలో వినికిడికి చోటు లేదు. ఉండవలెను. కాని నేర్పు ముందు రావలెను, కొలత తరువాత రావలెను. కొలత ముందుగా వచ్చినచో ఏమగునో ఊహింపవచ్చును. ఇంటిలో ఇంగ్లీషు వినబడు పట్టణపు పిల్లవాడు నెగ్గును, నాగాయలంకలోని కూలివాని బిడ్డ ఓడిపోవును. నోబిల్ నాడు గడప వెలుపల నిలిచినవారి మనుమలే ఈసారియు వెలుపల నిలుతురు. కంటి పరీక్షకు ఒక పుస్తకము, ఒక దీపము చాలెను. చెవి పరీక్షకు మనిషి కావలెను. ఆ మనిషిని ప్రతి బడికి ఇచ్చినప్పుడే అది న్యాయమగును.

గృహస్థులకు ఒక్క మాట. వినుట యను అలవాటు మాతృభాషలోనే మొదలగును. రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిలో ఒకరు తెలుగు పుస్తకము చదువగా తక్కినవారు విను ఆచారము ఒకప్పుడు మన లోగిళ్లలో నుండెను. చదువురాని అమ్మమ్మలును ఆ విధముననే భారతము తెలిసికొని బహుశ్రుతలైరి. ఆ పావుగంటను మరల తెచ్చుకొందము. కొడుకుతోపాటు కూతురును చదువవలెను, అందరును వినవలెను. నిదానముగా విని అర్థము చేసికొను చెవి ఒకసారి ఏర్పడినచో దానికి ఇంగ్లీషైనను, మరి యే భాషయైనను లొంగును.