మార్సీ కాప్టర్ ఓటింగ్ రికార్డు

అమెరికా ప్రతినిధుల సభలో ఒహాయో 9వ నియోజకవర్గ సభ్యురాలు, డెమొక్రటిక్ పార్టీకి చెందిన మార్సీ కాప్టర్ (జననం 1946) సభలో వేసిన ఓట్ల నమోదును ఆమె ఓటింగ్ రికార్డు అంటారు. గాజు, జీప్ వాహనాల తయారీకి పేరొందిన టొలీడో నగరం ఈ నియోజకవర్గానికి కేంద్రం. 1982లో సిట్టింగ్ రిపబ్లికన్ సభ్యుడు ఎడ్ వెబర్‌ను ఓడించిన ఆమె 1983 జనవరి 3న బాధ్యతలు చేపట్టారు.

కర్మాగారాల ఉపాధి రక్షణ ఈ రికార్డులోని ప్రధానాంశం. 1993 నవంబరు 17న 234–200 ఓట్లతో సభ ఆమోదించిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (నాఫ్టా) అమలు బిల్లును, 2000లో చైనాకు శాశ్వత సాధారణ వాణిజ్య హోదా ఇచ్చే బిల్లును ఆమె వ్యతిరేకించారు. 2002లో ఇరాక్ యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికీ, 2008లో బ్యాంకులను ఆదుకునే (బెయిలౌట్) బిల్లుకూ వ్యతిరేకంగా ఓటు వేశారు. 2010 ఆరోగ్య బీమా సంస్కరణ చట్టాన్ని, 2021 మౌలిక వసతుల చట్టాన్ని సమర్థించారు.

2022లో అమల్లోకి వచ్చిన సరిహద్దుల పునర్విభజనతో నియోజకవర్గం రిపబ్లికన్ల వైపు మొగ్గింది. 2024లో అక్కడి అధ్యక్ష ఎన్నికలో డొనాల్డ్ ట్రంప్ ఆధిక్యం సాధించగా, కాప్టర్ 2,400 కన్నా తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు. పార్టీ విధేయతకూ కార్మిక ప్రయోజనాలకూ మధ్య సంబంధాన్ని పరిశీలించడానికి ఈ రికార్డు ముఖ్యమైన ఆధారం.