చచ్చిన కాయ మళ్ళీ బయల్దేరుతుంది

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో రెండు ఆటలు సాగుతాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల తోటల్లో బరి గీసి, కాలికి కత్తి కట్టి, డేగ మీదికి కాకిని, నెమలి మీదికి పర్లను వదిలేది ఒకటి. ఇంటి అరుగు మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీసి, గవ్వలో అరగదీసిన చింతపిక్కలో వేసే అష్టాచెమ్మా ఇంకొకటి. రెండింట్లోనూ చావుంది. రక్తమూ డబ్బూ ఉన్నాయి కాబట్టి మొదటిదే అసలు పందెమనీ, రెండోది పిల్లలు పొద్దుపుచ్చుకునేదనీ చాలామంది నమ్మకం. నా లెక్క దీనికి తలకిందులు. చావుకు విలువ కట్టడం తెలిసిన ఆట అరుగు మీదిదే.

అష్టాచెమ్మాలో ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. ఇల్లు విడిచిన కాయ బయటి వరుసలో 15 గళ్ళు నడిచి, దిశ మార్చుకుని లోపలి వరుసలో 8 గళ్ళు తిరిగి, ఇంకొక్క అడుగుతో నడిమింట పండుతుంది. మొత్తం 24 అడుగులు. కాయ పండటం అన్న మాటే చూడండి, తోటల సీమకు ఎంత అతికినట్టుందో! అడ్డగీతలున్న ఇళ్ళలో తప్ప దారిలో ఎక్కడైనా ఎదుటివాడు వచ్చి పడితే కాయ చస్తుంది, మళ్ళీ మొదటింటికి పోతుంది. రెండో గడిలో చస్తే పోయేది రెండడుగులే. పండబోయే ముందు గడిలో చస్తే 23 అడుగులూ గల్లంతు. నష్టం నడిచిన దూరమంత. అందుకే గుమ్మం దాకా వచ్చిన కాయను చంపినప్పుడు అరుగంతా అరుపులే. దీనికి మించిన నియమం మరొకటి చాలా ఇళ్ళలో ఉంది: ఒక్క కాయనైనా చంపనివాడికి లోపలి వరుసలోకి దారి లేదు. తన దారిన తాను పోతానంటే ఆట ఒప్పుకోదు. చంపడానికి ఎదురెళ్ళాలి, ఎదురెళితే తన కాయ కూడా చావుకు దగ్గరవుతుంది.

బరిలో ఈ కొలత లేదు. కోడి నిజంగానే చస్తుంది, కానీ పందెం కాసినవాడికి పోయేది నోట్లే. ఓడిన కోడి కూరకు పోతుంది, మరో జత బరిలోకి దిగుతుంది. పందెం విలువ ఆటలో కాక బయట ఉండటం మనకు పాత జబ్బే. గోదావరి పాయలుగా చీలే చోటికి కాస్త ఎగువన, రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ధర్మరాజు తమ్ముళ్ళనూ, తననూ, ద్రౌపదినీ ఒడ్డాడు. ఏ పాచిక ఎలా పడిందన్నది ఎవరికీ గుర్తులేదు, ఏం ఒడ్డాడన్నదే గుర్తు. పల్నాటి కథలో కోడిపందెం ఓడినవారికి ఏడేళ్ళ వలస, ఆ వెనుక కారెంపూడి యుద్ధం.

పోయేదేమీ లేకపోతే మనసు పెట్టి ఆడేదెవరు అని అడుగుతారు. దీనికి జవాబు 1974లో దొరుకుతుంది. కోడిపందేల మీద కేసులు కట్టే ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చిన ఏడాదే, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అచ్చువేశారు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను నడిపే ఆట అది. పైసా పందెం లేదు. ఏళ్ళ తరబడి నడిపిన పాత్ర ఒక సాయంత్రం చచ్చిపోతే మాత్రం ఆడేవాళ్ళు నిజంగానే బాధపడతారు. ఆరితేరిన ఆటగాళ్ళ పాత్రలకూ చావు తప్పనంత కఠినమైన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ అనే సాహసాన్ని గైగాక్స్ 1975లో ఆడించాడు. డబ్బు లేకుండానే అక్కడ గుండె దడదడలాడింది.

చచ్చినవాడు తిరిగొస్తే ఆ చావుకు అర్థమేముంది అన్నది ఇంకా గట్టి ప్రశ్న. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లోనూ చనిపోయిన పాత్రను ఒక మంత్రంతో లేపవచ్చు, కానీ 2014 నాటి నియమాల్లో అందుకు 500 బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చవుతుంది. తిరిగి రావడం చావును చులకన చేయదు, ఉచితంగా తిరిగి రావడమే చేస్తుంది. అష్టాచెమ్మాలో ఆ మూల్యం 23 అడుగులు కావచ్చు. అసలు తిరిగిరాని చావు కూడా మన ఆటల్లో లేకపోలేదు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి తిన్న మేక పటం మీదికి మళ్ళీ రాదు. అయితే అక్కడ గవ్వలూ లేవు, అదృష్టమూ లేదు. పులిని ఇరికించడానికి ఏ మేకను ఎరగా వేయాలో ఆడేవాడే తేల్చుకుంటాడు. చావు శాశ్వతమైన చోట నిర్ణయం పూర్తిగా ఆటగాడి చేతిలో ఉండటం ధర్మం. గవ్వలు చంపే చోట తిరిగొచ్చే దారి ఉండటమూ అంతే ధర్మం. ఈ తూకం కుదిర్చినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

చంపనివాడిని లోపలికి రానివ్వడం, చంపితే ఇంకోసారి గవ్వలు వేయనివ్వడం, ఇలాంటివి ఇంటికో తీరుగా మారుతుంటాయి. ఈ పండక్కి కోనసీమ వెళ్ళేవారు ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక్క ఆట ఆడి, వారి నియమాలు ఊరి పేరుతో సహా రాసిపెట్టండి.