మాచ్‌ఖండ్ నుండి ఉద్దానము దాకా

ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రముల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లో పనిచేయ నారంభించినది. డుడుమ జలపాతముచెంత పుట్టిన ఆ విద్యుత్తు కొండలు దాటి ఉత్తరాంధ్ర మైదానమునకు చేరినది.

దూరము పోవు విద్యుత్తును హెచ్చు వోల్టేజితో పంపుదురు. ఏలనన, అదే సామర్థ్యమునకు వోల్టేజి రెట్టింపైనచో ప్రవాహము సగమగును. తీగలలో వేడిగా పోవు నష్టము నాలుగవ వంతునకు తగ్గును. ఊరి ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించి ఇండ్లకు అందించును.

విజయనగరము, శ్రీకాకుళములలో ఈ పంపిణీని 1959 నుండి రాష్ట్ర విద్యుత్ మండలి నిర్వహించినది. 2000 నుండి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నిర్వహించుచున్నది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములో స్తంభములను కూల్చినది. దీపములతోపాటు మంచినీటి పంపులును ఆగినవి. విద్యుత్ కేంద్రములు పనిచేయుచునే యున్నవి. నడుమ తీగ తెగినది. సిబ్బంది స్తంభములను మరల నిలబెట్టువరకు ఆ ఊళ్లకు ఎంత ఉత్పత్తియు అక్కరకు రాలేదు.