బొగ్గుగనులలో ప్రాణరక్షణము: ఒక చారిత్రక పరిశీలనము

వృత్తులవలన గలుగు రోగములను గూర్చి తొలిసారి సమగ్రమైన గ్రంథమును రచించినవాడు ఇటలీ దేశీయుడగు రామజ్జీని యను వైద్యుడు. మోదెనా పట్టణమున తన యింటి మరుగుగుంటను శుభ్రపరచుచున్న కూలివాడు ఆత్రముగా పని ముగించుకొనుట చూచి, కారణ మడుగగా, ఆలస్యమైనచో కన్నులు మండి చూపే పోవునని వాడు చెప్పెనట. అది మొదలు ఆ వైద్యుడు కుమ్మరుల యొద్దకును, గిల్టుపనివారి యొద్దకును పోయి వారి యవస్థలను కన్నులార చూచి, గనికార్మికుల రోగములనుగూడ విచారించి, 1700లో తన గ్రంథమును ప్రకటించెను. రోగిని పరీక్షించు వైద్యుడు తక్కిన ప్రశ్నలతోబాటు వాడు చేయు పని యేమో గూడ అడుగవలయునని ఆయన విధించిన నియమము మూడు శతాబ్దములు గడచినను మన ఆసుపత్రులలో నేటికిని అరుదుగానే వినవచ్చుచున్నది.

అయితే ప్రభుత్వములను కదలించినది ఇట్టి నిదానమైన రోగవిచారము కాదు. ఒక్కచోట, ఒక్కనాడు, పలువురు కూలినప్పుడే శాసనములు పుట్టినవి. ఇందులకు బొగ్గుగనుల చరిత్రను మించిన నిదర్శనము లేదు.

1812 మే 25న ఇంగ్లండు ఉత్తరభాగమునందలి ఫెల్లింగ్ గనిలో మీథేను వాయువు అంటుకొని 92 మంది పెద్దలును బాలురును మరణించిరి. ఆ కలవరము ఫలితముగా 1815లో సర్ హంఫ్రీ డేవీ రక్షణదీపమును నిర్మించెను. దాని యుక్తి మిక్కిలి సరళము. జ్వాలచుట్టును సన్నని తీగెవల నమర్చగా, ఆ వల వేడిమిని పీల్చుకొనుటచే లోపల మండు వాయువు బయటి వాయువును అంటించజాలదు. అంతియ కాదు, వత్తిని తగ్గించి చూచినచో జ్వాలపై లేతనీలపు మొగ్గ యొకటి కానవచ్చును. అది పెరిగినకొలది గాలిలో వాయువు పెరిగినదని అర్థము. డేవీ ఈ దీపమునకు పేటెంటు తీసికొనక లోకమునకు ఉచితముగా నొసగెను. కాని యజమానులు చేసినదేమి? వాయుభయముచే మునుపు విడిచిపెట్టిన పొరలలోనికి ఈ దీపముల నిచ్చి కూలీలను దింపిరి. గాలిని ప్రసరింపజేయుటకు కావలసిన ఖర్చును మాత్రము వాయిదా వేసిరి. 1835లో పార్లమెంటు సంఘము విచారింపగా, ఆ ప్రాంతమున దీపమునకు పూర్వముకంటె తరువాతి కాలముననే మరణములు అధికమని తేలెను! రక్షణసాధనము ఉత్పత్తిసాధనముగా మారిపోవుట కిది తొలి యుదాహరణమే గాని తుది యుదాహరణము కాదు.

1862 జనవరిలో హార్ట్లీ గనియందు నీటిని తోడు యంత్రపు మహాదూలము విరిగి, రాకపోకలకు గల ఏకైక మార్గమైన బావిలో పడి దానిని పూడ్చివేయగా, 204 మంది లోపలనే ప్రాణములు విడిచిరి. ప్రతి గనికిని రెండు మార్గము లుండవలయునని ఆ సంవత్సరముననే శాసన మేర్పడెను. రెండవ బావి త్రవ్వుటకు పట్టు వ్యయము అంతకుముందు ఎవరికిని తెలియనిది కాదు; దాని నొక చట్టముగా మార్చుటకు 204 మంది కావలసివచ్చిరి. 1906లో ఫ్రాన్సునందలి కూరియేర్ గనిలో బొగ్గుధూళి ప్రేలి 1099 మంది మరణించిరి. 1913లో వేల్సునందలి సెంగెన్నిద్ గనిలో 439 మంది కార్మికులు చనిపోగా, న్యాయస్థానము మేనేజరుకు 24 పౌనులును, కంపెనీకి 10 పౌనులును జుల్మానా విధించెను. ఈ యంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినపుడు వ్యాఖ్యానము అనావశ్యకము.

భారతదేశమున రాణీగంజ్ ప్రాంతమున బొగ్గు త్రవ్వకము 1774లోనే ప్రారంభమైనను, గనుల చట్టము 1901లో గాని రాలేదు. మరుసటి సంవత్సరము కలకత్తాలో నెలకొనిన తనిఖీ కార్యాలయము 1908లో ధన్‌బాదునకు తరలెను. స్త్రీలు భూగర్భమున పనిచేయరాదను నిషేధము 1937లో అమలునకు వచ్చినది. యుద్ధమునకు బొగ్గు చాలదనగానే 1943లో అది సడలి, యుద్ధము ముగిసిన పిదప 1946లో మరల బిగిసినది. స్త్రీల యారోగ్యము ఆ మూడేండ్లపాటు ఎక్కడికి పోయినదో దొరతనమువారికే తెలియవలెను. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో, పైనున్న పాత త్రవ్వకములలో నిలిచిన నీరు అడ్డుగోడను బ్రద్దలుచేసికొని క్రిందికి దూకగా 375 మంది మునిగిపోయిరి. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొరబడి 17 మంది సింగరేణి కార్మికులు మృతిచెందిరి.

ఇవన్నియు పత్రికల కెక్కిన మరణములు. కాని వాస్తవముగా గనులలో చిరకాలము అత్యధిక ప్రాణములను బలిగొన్నది పైకప్పు కూలుట. అది ఒకరినో యిద్దరినో తీసికొనిపోవును గాన దానికి వార్షిక పట్టికలో అంకెయే గాని చరిత్రలో పేరు లేదు. 1889 మొదలు త్రవ్వకము సాగుచున్న సింగరేణి బావులలో దీనిని 'రూఫ్ ఫాల్' అనియే యందురు. పని మొదలిడుటకు ముందు కూలీలపై పర్యవేక్షకుడగు మైనింగ్ సర్దారు పొడవైన కర్రతో కప్పును తట్టి చెవియొగ్గును. ఖంగుమని పలికిన రాయి గట్టిది. డొల్లగా పలికినచో పొర విడినదని గ్రహించి, దానిని పడగొట్టుటయో, క్రింద దిమ్మ నిలుపుటయో చేయవలెను. షిఫ్టు లెక్క తరుముకొనివచ్చునపుడు ఆ చెవికి తీరిక యుండదు. పిమ్మట కప్పులోనికి రంధ్రము తొలిచి ఉక్కుకడ్డీలతో పొరలను బిగించు రూఫ్ బోల్టింగ్ వచ్చెను; తట్టలతోను, చెమ్మసులనెడి పారలతోను బొగ్గెత్తు పనికి యంత్రములు వచ్చుటచే కప్పుక్రింద నిలుచువారి సంఖ్యయే తగ్గెను. నా దృష్టిలో ఏ విచారణసంఘపు నివేదికకంటెను ఈ రెండు మార్పులే ఎక్కువ ప్రాణములను కాపాడినవి.

ధూళి సంగతి యింకను దయనీయము. సిలికా రేణువు ఊపిరితిత్తులలో చేరినపిదప మనిషి పని మానినను వ్యాధి మానదు. కొందరిలో ఏండ్లతరబడి ముదురుచునే యుండును. 1930లో అంతర్జాతీయ కార్మికసంస్థ జోహాన్నెస్‌బర్గులో దీనికై ప్రత్యేక సదస్సు జరిపెను. మన 1955 నాటి గనుల నిబంధనలు కార్మికుని ఐదేండ్లకొకమారు వైద్యపరీక్షకు పంపవలెనని శాసించినవి. ఆ పరీక్షలు ఉద్యోగమున్నంతవరకే. దగ్గు ముదురు వయస్సున విశ్రాంత కార్మికుని యెక్స్‌రేను చూచు వైద్యునికి వాడొకప్పుడు బావిలో దిగినవాడని చెప్పువారుండరు, క్షయయని మందు వ్రాసి పంపివేయుటయు జరుగుచుండును.