పాములు తగ్గిన వైకుంఠపాళి

క్రిస్మస్ సెలవుల్లో పాశ్చాత్య కుటుంబాలు పిల్లలతో ఆడుకొనే పటం ఆటల్లో ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ ఒకటి. దాని పూర్వరూపం మన వైకుంఠపాళి వంటి భారతీయ పటమే. అదీ ఈ ఋతువుదే: ధనుర్మాసాన ముక్కోటి ఏకాదశి జాగరణ రాత్రి గవ్వలు వేసి ఆడేవారు. సుగుణం నిచ్చెన, దుర్గుణం పాము. వైకుంఠపు గడపదాకా వెళ్ళినవాణ్ణి సైతం అరుకాసురుడు మింగి అట్టడుగుకు దించుతాడు. ఆ పేరు వింటేనే పిల్లలకు హడలు.

1890లలో ఇంగ్లండులో అచ్చైన పటాల్లో పొదుపు, శ్రమ వంటి విక్టోరియా నీతులు చేరాయి, మోక్షం తప్పుకొన్నది. నా దృష్టిలో అంతకంటె పెద్ద మార్పు, పాములూ నిచ్చెనలూ సమసంఖ్యకు రావడం. పాత భారతీయ పటాలు చాలావాటిలో పాములే ఎక్కువ. మోక్షం దుర్లభమన్నది ఆ లెక్కలోనే ఉంది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములనే తీసివేసి జారుడుబల్లలు పెట్టింది.